గృహకాయకము – దాని ధర్మము

కాయకము, దాసోహము అను రెండును శరణధర్మమునకు రెండు కన్నుల వంటివి. చేతులార శ్రమించి సంపాదించుట కాయకము. సంపాదించినదానిని ఇంటికిని, జంగమమునకును, సంఘమునకును పంచి మిగిలినదానిని ప్రసాదముగా స్వీకరించుట దాసోహము. మొదటిది లేనిచో రెండవది నిలువదు. వీరశైవ గృహములందు ఈ మాట పసిపిల్లలకు సైతము తెలిసినదే. కాని తెలిసిన మాటయే కాలము మారినపుడు క్రొత్త ప్రశ్నయై యెదుట నిలుచును. అట్టి ప్రశ్న యొకటి నేడు అనేక గృహములలో, విశేషించి గృహిణుల మనస్సులలో, మెదలుచున్నది.

జహీరాబాదు వంటి యొక పట్టణమున నివసించు గృహిణిని ఊహించుకొనుడు. ఆమె చదువు ఇంటర్మీడియటుతో నిలిచిపోయినది. భర్త చిన్న అంగడి నడుపుచున్నాడు. ఆ రాబడి యింటి అద్దెకును సరకుల అప్పునకును చాలీచాలకున్నది. అత్తగారికి పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయినది. పిల్ల లిద్దరు బడికి పోవుచున్నారు. బయటికి వెళ్లి ఉద్యోగము చేయుదమన్న ఇల్లు కదలుటకు వీలు లేదు. కదలగలిగినను పట్టా లేదు. ఆమె కోరిక నాలుగు మాటలలో ఇముడును. పని ఇంటియందే యుండవలెను. పనివేళ తన చేతిలో నుండవలెను. ప్రతిఫలము తగినంత రావలెను. పట్టా యేదని ఎవరును అడుగరాదు.

ఈ కోరికను విని యొకరు, "కష్టపడకుండ ఫలము కోరుట సోమరితనము" అందురు. మరియొకరు, "ఉన్నదానితో తృప్తిపడుట శరణుల మార్గము గదా!" అందురు. ఈ రెండు మాటలును పైకి ధర్మము వలెనే వినబడును. వాని లోతు నారసి చూడవలసియున్నది.

మొదట పట్టా సంగతి. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణుల పేర్లను ఒక్కసారి తలచుకొనుడు. మడివాళ మాచయ్య బట్టలుతికినవాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. మేదర కేతయ్య వెదురుతో బుట్ట లల్లినవాడు. నులియ చందయ్య గడ్డితో త్రాళ్లు పేనినవాడు. నేటివారు పేరు చివర బి.ఏ., ఎం.ఏ. అను అక్షరములను తగిలించుకొందురు. శరణులు పేరునకు ముందు తమ పనినే తగిలించుకొనిరి. ఆ కాలమున ఏ పనిచేయు కులమును లోకము తక్కువగా చూచెనో, ఆ పనియే వారి పేరున కలంకారమైనది. అనుభవ మంటపమున ప్రవేశమునకు అనుభవము అడుగబడినది గాని పట్టా అడుగబడలేదు. స్త్రీలును అందుండిరి. వారిలో కదిర రెమ్మవ్వ నూలు వడికిన శరణి. కదురు అను మాట తెలుగువారి కెంత దగ్గరిదో చెప్పనక్కరలేదు. కదురు ఇంటిలో తిరుగు వస్తువు. కనుక ఇంటనుండి చేయు పని క్రొత్తగా పుట్టినది కాదు. కాయకముల జాబితాలో దానికి తొలినుండియు చోటున్నది.

అయినను పట్టా లేకుండుట వేరు, నేర్పు లేకుండుట వేరు. మాచయ్యకు పట్టా లేదు. ఏ మరక ఏ క్షారమునకు వదలునో ఆయనకు తెలియకుండెనని ఎవరును అనలేరు. పట్టా యనునది నేర్పునకు ఇతరులు వ్రాసి యిచ్చు సాక్ష్యము. ఆ సాక్ష్యము లేనివాడు తన చేతిపని చేతనే సాక్ష్యము చెప్పించుకొనవలసియుండును. అందుచేత "పట్టా అక్కరలేదు" అను మాట నిజము కావచ్చును గాని, "ఏమియు రానక్కరలేదు" అను మాట యెన్నటికిని నిజము కాదు. ఈ రెండు మాటలకు నడుమ నున్న సన్నని సందులోనే నేడు వేలకొలది గృహములు మోసపోవుచున్నవి.

ఆ మోసము నడచు తీరు అందరును తెలిసికొనవలసినది. 2020 మార్చిలో కరోనా వలన దేశమంతయు మూతపడినప్పుడు, ఇంటనుండి పని యను మాట పల్లెలకు కూడ ప్రాకినది. దాని వెంటనే వంచకులును ప్రాకిరి. సెల్‌ఫోనునకు ఒక సందేశము వచ్చును: ఇంటినుండి పని, రోజునకు రెండు గంటలు, వేలలో ఆదాయము, చదువుతో నిమిత్తము లేదు. గృహిణి కోరిన నాలుగు మాటలును అందు వరుసగా నుండును. వల పన్నువాడు చేప ఆకలిని ఎరిగియే ఎర గ్రుచ్చును గదా! మొదట కొన్ని దృశ్యములకు మెచ్చుకోలు గుర్తు నొక్కుమందురు. నూరో నూటయేబదియో నిజముగానే ఖాతాలో పడును. నమ్మకము కుదిరిన పిమ్మట, వేయి రూపాయలు కట్టిన పదమూడు వందలు వచ్చునందురు, అదియు వచ్చును. తరువాత యేబది వేలు కట్టుమందురు, అది తిరిగిరాదు. మరియొక రకమువారు కాగితములలోని అక్షరములను కంప్యూటరునం దెక్కించు పని యిత్తుమని మూడు నాలుగు వేలు ధరావతు పుచ్చుకొందురు. పని ముగిసిన పిదప తప్పులు మితిమీరినవని కూలి ఎగగొట్టుటయే గాక, ఒప్పందము తప్పితివని న్యాయస్థానము పేరు చెప్పి బెదరింతురు. గుర్తుంచుకొనవలసిన సూత్ర మొక్కటే. పని యిచ్చువాడు డబ్బిచ్చును. డబ్బడుగువాడు పని యిచ్చుటలేదు. మోసపోయినవారు సిగ్గుపడి మౌనము వహింపక, 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారి దొరకకుండ పోవును.

ఇంతకంటె సూక్ష్మమైన ప్రమాద మింకొకటి గలదు. "మీ బ్యాంకు ఖాతాను కొన్నాళ్లు వాడుకొననిండు, వచ్చిపోవు సొమ్మునకు నూటికింత కమీషను ఇచ్చెదము" అని అడుగువారున్నారు. ఇందు ధరావతు లేదు, శ్రమ లేదు, వేళ లేదు, చదువు లేదు. పైకి ఎవరికిని నష్టము కనబడదు. కాని ఆ ఖాతాలో వచ్చిపోవునది వేరొక యింట మోసపోయిన మరియొక గృహిణి సొమ్ము. ఖాతా నిచ్చినవారు నేరమునందు భాగస్వాములై పోలీసుల యెదుట నిలువవలసివచ్చును. చట్టము మాట యటుంచి ధర్మము చూచినను, శ్రమ లేకుండ వచ్చిన సొమ్మును కాయక ఫలమని శరణులు ఏనాడును ఒప్పుకొనలేదు. ఎక్కడో ఒకరి చేతులు శ్రమింపనిదే సొమ్ము పుట్టదు. తన చేతులు కదలకయే తన యింటికి వచ్చినచో, అది వేరొకరి చేతులనుండి జారినదని తెలియవలెను.

ఇక నిజమైన పనుల సంగతి. తెలుగునాట ఇంటిపని చరిత్ర చిన్నది కాదు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో తరతరములుగ స్త్రీలు చేటలో తునికాకును, పొగాకును పెట్టుకొని వాకిట కూర్చుండి బీడీలు చుట్టుచున్నారు. వేయి బీడీలకింత యని కూలి. బీడీ, చుట్ట కార్మికుల కొరకు 1966లో ప్రత్యేక చట్టము వచ్చినది. చట్టము వచ్చినను, ఆకు తక్కువ వేసినారనియు, చుట్టినవి నాసిగా నున్నవనియు తీసివేతలు తప్పలేదు. పొగాకు దుమ్ము చుట్టినవారి ఊపిరికే గాక ప్రక్కన నిదురించు పసిబిడ్డ ఊపిరికిని చేరును. పశ్చిమ గోదావరి నరసాపురము చుట్టుపట్ల స్త్రీలు సన్నని సూదితో దారపు లేసు లల్లుదురు. ఆ లేసులు సముద్రములు దాటి పోవును. మేరియా మీస్ అను జర్మను విదుషీమణి వారి జీవితమును పరిశీలించి 1982లో ఒక గ్రంథమును ప్రకటించినది. ఆమె చూపిన ముఖ్య విషయము ఆలోచింపదగినది. ఆ స్త్రీలను లోకము కార్మికులని తలచలేదు. "ఇల్లాండ్రు, తీరిక వేళ అల్లుకొనుచున్నారు" అని తలచినది. అట్లు తలచుటయే వారి కూలి తక్కువయగుటకు కారణమైనది. వారి శ్రమకు తీరిక యని పేరు పెట్టిన మరుక్షణమే దాని వెల సగమైపోయినది.

ఇక్కడనే గృహకాయకములోని అసలు చిక్కు కనబడును. కర్మాగారమున పనిచేయువానికి గంట కొట్టుదురు. పని మొదలును, చివరయు నలుగురకు తెలియును. తోటివారితో కలిసి కూలి పెంచుమని అడుగవచ్చును. ఇంట పనిచేయు స్త్రీకి గంట లేదు, తోడు లేదు, చూచువారు లేరు. వేళ తన చేతిలో నున్నదని ఆమె తలచును. నిజమునకు వేళ పొయ్యి మీది కుండ చేతిలోను, పిల్లవాని ఏడ్పు చేతిలోను, అత్తగారి మందుల చేతిలోను ఉండును. పగలెల్ల తునకలు తునకలుగ పనిచేసి, మిగిలినదానిని అర్ధరాత్రి దీపము క్రింద ముగించును. పనివేళను తాను ఎన్నుకొనుట ఒకటి. పనికి వేళయే లేకపోవుట వేరొకటి. మొదటిది స్వేచ్ఛ, రెండవది వెట్టి. ఉదయము లింగపూజకు ఒక వేళను నియమించుకొన్న యిల్లాలు, పనికిని అట్లే మొదలును, ముగింపును నియమించుకొనవలెను. ఆ నియమమును ఇంటిలోని పురుషులును, పిల్లలును గౌరవింపవలెను. ఆమె మిషను మీద నున్నంతసేపు చెంబెడు నీళ్లు ముంచుకొని త్రాగుట ఎవరికిని పరువు తక్కువ కాదు.

లెక్క విషయమును చూడవలెను. ఏలయన ఇంటిపనిలో ధర్మము పలుమార్లు లెక్కలోనే దాగియుండును. ఆ గృహిణి రవికలు కుట్టుచున్నదని అనుకొనుడు. రవికకు నూరు రూపాయలు పుచ్చుకొనును. దారము, హుక్కులు, కరెంటు, మిషను అరుగుదల కలిపి ఇరువది రూపాయలు పోవును. మిగులునది ఎనుబది. కొలతలు తీసి, కత్తిరించి, కుట్టి, హుక్కులు వేసి ముగించుటకు రెండున్నర గంటలు పట్టినచో గంటకు దొరకునది ముప్పదిరెండు రూపాయలు. ఎనిమిది గంటలు కదలక కూర్చున్నను రోజునకు 256. అదే రవికకు నూటయేబది పుచ్చుకొన్నచో మిగులునది నూటముప్పది. గంటకు ఏబదిరెండు, రోజునకు 416. వాడుకగా వచ్చు పొరుగింటి యామెకు తేడా ఏబది రూపాయలే. కుట్టు యామెకు రోజుకూలి సగమునకు మించి పెరిగినది. ఈ లెక్క వేసికొనని గృహిణి పండుగ నెలలో రాత్రింబవళ్లు కుట్టి, చేతికేమియు మిగులలేదని దైవమును నిందించును. దైవము చేసిన తప్పేమియు లేదు. తన గంటకు వెల కట్టుటను ఆమె మరచినది.

"మంచి ప్రతిఫలము" అనగా నేమో అప్పుడు తెలియును. అది ఊహలో తోచిన పెద్ద మొత్తము కాదు. ఖర్చులు పోగా, వట్టిదినములు పోగా, తిప్పికొట్టబడిన పనులు పోగా, తాను నిజముగా పనిచేసిన ప్రతి గంటకును ఆ యూరిలో బయటికి వెళ్లి పనిచేయువారికి వచ్చు కూలికి తీసిపోనిది మంచి ప్రతిఫలము. ఇంట కూర్చున్నందులకు కూలి తగ్గింపవలసిన న్యాయమేదియు లేదు. 1996లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహశ్రమను గూర్చి యొక ఒడంబడికను ఆమోదించినది. ఇంట పనిచేయువారిని ఇతర కార్మికులతో సమానముగా చూడవలెనన్నదే దాని సారాంశము. మన దేశమున 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టములోను, 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఇంటనుండి పనిచేయు కార్మికులకు పేరు పెట్టి నిర్వచనము నిచ్చినారు. 2021 ఆగస్టునుండి ఇ-శ్రమ్ నమోదు జరుగుచున్నది. దానికి పట్టా అక్కరలేదు. చట్టము ఆమెను కార్మికురాలని గుర్తించినది. ఇంటిలోని వారును, ఇరుగుపొరుగును గుర్తించుటయే మిగిలియున్నది.

ఇప్పుడు పూర్వపక్ష మొకటి లేచును. "ఇంత లెక్క, ఇంత వెల, ఇది శరణుల మార్గమేనా? ఆయ్దక్కి లక్కమ్మ కథ మరచితిరా?" అని పెద్దలు అడుగవచ్చును. ఆ కథ అందరును ఎరిగినదే. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు రాయచూరు ప్రాంతమునందలి అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చినవారు. వాకిళ్ల యందు జారిపడిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యమును వండి దాసోహము చేయుట లక్కమ్మ వ్రతము. ఒకనాడు మారయ్య అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఈ ఎక్కువ యేల వచ్చెనని అడిగినది; ఆశ వలన వచ్చినది మనకు తగదని చెప్పి, ఎక్కడినుండి తెచ్చితిరో అక్కడనే తిరిగి పోసి రమ్మని భర్తను పంపినది. ఇంతటి యిల్లాలి మార్గమున నడువవలసినవారు కూలి పెంచుమని అడుగవచ్చునా యన్నది ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము కథలోనే యున్నది. లక్కమ్మ తిరిగి పంపినది తన శ్రమకు మించి వచ్చిన బియ్యమును. తన శ్రమకు తగిన బియ్యమును కాదు. అలవాటు ప్రకారము వచ్చు గింజలను ఆమె ఏనాడును వద్దనలేదు. వానితోనే వండినది, వానితోనే వడ్డించినది. మితిమీరినదానిని వదలుట ఆమె వైరాగ్యము. న్యాయమైనదానిని స్వీకరించుట ఆమె కాయకము. రెండింటికిని ఒకే కొలత. ఆ కొలత తెలిసినవారికే ఏది ఎక్కువయో తెలియును, ఏది తక్కువయో కూడ తెలియును. ఎక్కువ వచ్చినపుడు తిరిగి పోయవలెనన్న ధర్మము, తక్కువ వచ్చినపుడు నిలిచి అడుగవలెనని కూడ చెప్పకయే చెప్పుచున్నది.

మరియొక విషయము ముఖ్యమైనది. ఆ మాట యన్నది ఎవరు? శ్రమించు యింటి యిల్లాలు. ఎవరితో అన్నది? తన భర్తతో, తమ యింటిని గురించి. బియ్యము గల ధనికుడెవడో వచ్చి, "లక్కమ్మా, నీకింత యేల? తృప్తి నేర్చుకొనుము" అనలేదు. తృప్తి యనునది ఎవరికి వారు నేర్చుకొనవలసిన గుణము. కూలి యిచ్చువాడు కూలి పుచ్చుకొనువారికి బోధింపదగిన పాఠము కాదు. లక్కమ్మ మాటను లక్కమ్మ చెప్పినపుడు అది వైరాగ్యము. అదే మాటను చేతిలో డబ్బుసంచి పట్టుకొన్నవారు చెప్పినపుడు అది లోభము. శరణుల పేరు దానికి ముసుగు. అదియు గాక, కాయకము దాసోహమునకు సాధనమని ఒప్పుకొన్నపుడు, తన పిల్లల కంచమే నిండని కూలితో దాసోహము సాగుట యెట్లు? కూలిని కోసినవారు ఆ యిల్లాలి దాసోహమును కోసినవారగుదురు.

ఇక ఆ గృహిణికి దారి యేది? దారులు కొన్ని గలవు; ఏదియు మాయదారి కాదు. కుట్టుపని, అప్పడములు, పచ్చళ్లు, పొడులు, చిన్నతరగతుల పిల్లలకు పాఠములు చెప్పుట మొదలగునవి పాతవి. కంప్యూటరు నేర్చినవారికి తెలుగు టైపు, అచ్చుతప్పులు దిద్దుట, విన్న మాటలను వ్రాతలో పెట్టుట, చిన్న దుకాణముల జమాఖర్చులు చూచుట క్రొత్తవి. ఇందు ప్రతిదానికిని కొన్ని నెలల అభ్యాసము కావలెను. తొలి నెలలలో రాబడి కొంచెమే. ఆహార పదార్థములు అమ్మువారు ఆహార భద్రతా సంస్థ యొద్ద నమోదు చేసికొనవలెను. 2023 సెప్టెంబరున ప్రారంభమైన విశ్వకర్మ పథకమున 18 చేతివృత్తులవారికి శిక్షణయు, పనిముట్ల కొరకు పదునైదు వేల రూపాయల వరకు సాయమును, తక్కువ వడ్డీకి అప్పును ఏర్పరచినారు. ఆ జాబితాలో కుట్టుపనివారు, చాకలివారు, బుట్టలు, చాపలు అల్లువారు, చెప్పులు కుట్టువారు గలరు. శరణుల పేర్లకు ముందున్న వృత్తులలో కొన్ని ఎనిమిది వందల సంవత్సరముల తరువాత ప్రభుత్వ పత్రమునందు కనబడుట సంతోషకరము. చదువు కొనసాగింపదలచినవారికి హైదరాబాదున 1982లో స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, తలుపు తెరచియే యున్నది. పట్టా లేకుండుట లోపము కాదు; నేర్చుకొను కోరిక లేకుండుటయే లోపము.

అన్నింటికంటె అవసరమైనది తోడు. ఒంటరిగా కూర్చున్న చేతికి వెల కట్టువాడు దళారి. నాలుగు చేతులు కలిసిన చోట వెల కట్టువారు ఆ చేతులవారే. దీనికి దృష్టాంతము బొంబాయి నగరముననే గలదు. 1959 మార్చిలో గిర్గాం ప్రాంతమున ఏడుగురు స్త్రీలు ఎనుబది రూపాయలు అప్పు తెచ్చి, మేడ మీద అప్పడములు చేయ నారంభించిరి. అదియే నేటి లిజ్జత్ అప్పడముల సంస్థ. స్త్రీలు ఉదయము శాఖకు వచ్చి కలిపిన పిండిని తీసికొని పోవుదురు. ఇంట వత్తి, ఎండబెట్టి మరునాడు తెచ్చి యిత్తురు. వత్తిన దానికి కూలి పుచ్చుకొందురు. ప్రతి సభ్యురాలును యజమానురాలే. లాభము గాని నష్టము గాని అందరిది. ఒకరినొకరు "బెహన్" అని, అనగా చెల్లీ అక్కా యని, పిలుచుకొందురు. చదువు ఎంతవరకని అక్కడ ఎవరును అడుగరు. అప్పడము సమముగా నున్నదా, శుభ్రముగా నున్నదా యని మాత్రము అడుగుదురు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ లభించినది. ఇల్లు, వేళ, కూలి, పట్టా యను నాలుగు కోరికలును ఇక్కడ తీరినవి. కాని వల విసరువాని చేతి మీదుగ కాదు, తమ చేతుల మీదుగ.

చివరగా, పని చేయించుకొనువారి ధర్మమును చెప్పక ఈ విచారణ ముగియదు. మఠములందు దాసోహము జరుగును. వందలమంది పంక్తిలో కూర్చుందురు. వారి యెదుట మోదుగాకు విస్తరి పరచబడును. ఆ యాకులను ఎండలో కోసి తెచ్చి, ఎండబెట్టి, ఈనెపుల్లలతో ఒక్కొక్కటిగ కుట్టినది ఏ యింటి స్త్రీయో పంక్తిలోని వారెవరికిని తెలియదు. విస్తరుల కట్టకు ధర కుదుర్చునపుడు, "ఇంటిలో కూర్చుండి కుట్టునవే గదా" యని తగ్గించిన ప్రతి రూపాయియు ఆమె కంచమునుండి వచ్చినది. అన్నము దాసోహమై, ఆ యన్నమును మోయు విస్తరి దోపిడియగుట తగునా? ఇంటింటను ఇట్టిదే జరుగును. పెద్ద దుకాణమున ముద్రించిన ధరను మారుమాట లేక చెల్లించి, పొరుగున రవిక కుట్టు యామెతో మాత్రము, "ఇంట్లనే కూసొని కుట్టేదానికి ఇన్ని పైసలా అక్కా?" యని బేరమాడుదురు. అక్కా యని పిలిచినందులకైనను అక్కకు దక్కవలసినది దక్కనీయవలెను. విస్తరులు, శివదారములు, విభూతి ఉండలు, బాలికల పరికిణీలు ఏవి చేయించుకొన్నను, ఎన్ని గంటల పనియో ముందడిగి, ఆ గంటలకు తగిన వెల నిచ్చి, ఆ సొమ్మును ఆమె చేతికే యిచ్చుట మఠములును, కుటుంబములును ఆచరింపదగిన వ్రతము. దీనికి ఉపవాసము అక్కరలేదు. ఉదారత కూడ అక్కరలేదు. న్యాయ మున్న చాలును.

జహీరాబాదు గృహిణి యొద్దకు తిరిగి వత్తము. ఒక సాయంకాలము ఆమె సెల్‌ఫోనునకు సందేశము వచ్చినది: మూడువేలు కట్టిన ఇంటనుండి పని. డబ్బాలో మూడువేలు ఉన్నవి. పిల్లల బడి రుసుము కొరకు దాచినవి. ఆమె వ్రేలు సందేశము మీద నిలిచినది. మంచము మీదినుండి అత్తగారు అడిగినది: "పని యిచ్చేటోడు నీకు పైసలియ్యాలె గాని, నిన్నడుగుడేందే బిడ్డా?" కోడలు ఫోను ప్రక్కన పెట్టినది. మరునాడు గోడకు ఒక కాగిత మంటించినది: రవికకు నూటయేబది. ఇద్దరు ముగ్గురు వాడుకవారు మానుకొనిరి, మిగిలినవారు వచ్చిరి. వీధిలో మరి ఇద్దరు కుట్టువారు ఆ కాగితమును చూచి, తమ ధరయు అదే చేసిరి. అత్తగారు పనిచేయు ఎడమచేతితో హుక్కులను ఆరేసి చొప్పున లెక్కించి చిన్న గిన్నెలలో వేయుచున్నది. ఆమెకును చాల దినములకు పిమ్మట ఒక కాయకము దొరికినది.

నెల ముగిసినపుడు కోడలు లెక్క చూచుకొని, కొంత బడి రుసుమునకు తీసి, కొంత మందులకు తీసి, గుప్పెడు బియ్యమునకు సరిపడు సొమ్మును దాసోహమునకని వేరుగా నుంచినది. అది చిన్న మొత్తమే. కాని దానిలో ఎవరిని వంచించిన రూపాయియు లేదు, ఎవరును వంచించి తీసికొనిన రూపాయియు లేదు. గృహకాయకము ధర్మమైనదో కాదో తేల్చుటకు అంతకుమించిన పరీక్ష వేరొకటి లేదు.